కరెంటు వచ్చాక కలవని కంటైనర్లు: ఇంటి సర్వర్‌లో కనెక్షన్ లోపాన్ని వెతికే క్రమం

ఇంటి సర్వర్‌లో కనెక్షన్ లోపం కనిపించగానే చాలామంది చేసే మొదటి పని కంటైనర్‌ను (ఒక్కో ప్రోగ్రామ్‌ను దానికి కావలసిన సామగ్రితో సహా విడిగా నడిపే డబ్బా లాంటి ఏర్పాటును) తొలగించి మళ్లీ కొత్తగా పెట్టుకోవడం. ఇది తొందరపాటు. కంటైనర్‌ను తొలగిస్తే దాని లాగ్ (జరిగినవన్నీ రాసుకునే చిట్టా) కూడా దానితోనే పోతుంది, అంటే ఏం జరిగిందో చెప్పగల ఆధారాన్ని చేజేతులా చెరిపేసుకున్నట్టవుతుంది. కొత్త కంటైనర్ పనిచేసినా ఎందుకు పనిచేసిందో తెలియదు కనుక, మళ్లీ గాలివాన వచ్చి కరెంటు పోయిన రోజున అదే లోపం అదే రూపంలో ఎదురవుతుంది. పిలిచినది ఎవరు, ఎక్కడి నుంచి పిలిచారు, ఏ చిరునామాను ఏ పోర్టు (ఒక్కో ప్రోగ్రామ్ పిలుపు వినే, సంఖ్య గల ద్వారం) మీద పిలిచారు అన్న సంగతులు తేలేదాకా ఏ అమరికనూ కదపకపోవడమే ఈ పనిలో అన్నిటికంటే ముఖ్యమైన నియమం.

ఉదాహరణకు విజయనగరంలో ఒక సామాన్య కుటుంబం అమర్చుకున్న సర్వర్‌ను తీసుకోవచ్చు. ముందుగదిలో రౌటర్ పక్కన ఒక పాత డెస్క్‌టాప్ కంప్యూటరో, అరచేతిలో ఇమిడే రాస్ప్‌బెర్రీ పై బోర్డో ఉంటుంది. దాని మీద లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్, లినక్స్ మీద కంటైనర్లను నడిపే డాకర్ అనే సాఫ్ట్‌వేర్ నడుస్తుంటాయి. డాకర్‌లో మూడు కంటైనర్లు ఉంటాయి. కుటుంబం ఫొటోలు దాచే అప్లికేషన్ ఒకటి, ఆ ఫొటోల వివరాలు భద్రపరిచే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ ఒకటి, బ్రౌజర్ నుంచి వచ్చే అభ్యర్థనలను ముందుగా అందుకునే రివర్స్ ప్రాక్సీ ఒకటి. అసలు ఫొటోలూ, డేటాబేస్ డేటా ఫోల్డరూ యూఎస్‌బీ హార్డ్‌డిస్క్‌లో ఉంటాయి. పిల్లలు బెంగళూరులోనో హైదరాబాద్‌లోనో ఉద్యోగాల్లో ఉంటారు, తల్లిదండ్రులు ఇక్కడ ఉంటారు. దసరా వెళ్లిన మంగళవారం జరిగే పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం ఫొటోలు ఈ డిస్క్‌లోకి చేరతాయి, దూరాన ఉన్నవారు వాటిని చూస్తారు. ఉత్తరాంధ్ర తీరానికి తుఫాన్ల భయం ఎక్కువగా ఉండేదీ ఇంచుమించు ఆ రోజుల్లోనే. 2014లో హుద్‌హుద్ అక్టోబరు 12న, 2018లో తిత్లీ అక్టోబరు 11న తీరం దాటాయి. తిత్లీ పలాస సమీపంలోనే తీరం దాటి ఉద్దానం కొబ్బరితోటలను, జీడితోటలను నేలకూల్చింది, కరెంటు స్తంభాలనూ వదలలేదు. అంత పెద్ద విపత్తు లేకున్నా ఒక రాత్రి ఈదురుగాలికి కరెంటు రెండు మూడుసార్లు పోయి వస్తే చాలు, ఉదయానికి ఫొటోల పేజీ తెరుచుకోదు. ఈ వ్యాసం ప్రధానంగా ఆ ఉదయం గురించే.

సందేశంలోని మాటలు

లోపం తెలిపే సందేశాన్ని చివరిదాకా చదవడం చాలామందికి అలవాటు లేదు. నిజానికి అందులోని ఒక్కో మాట ఒక్కో చోటును చూపుతుంది. ‘కనెక్షన్ రిఫ్యూజ్డ్’ అని వస్తే పిలుపు అవతలి యంత్రం దాకా చేరిందని, ఆ చిరునామా సజీవంగానే ఉందని, కాకపోతే ఆ పోర్టు దగ్గర వినడానికి ఏ ప్రోగ్రామూ లేదని అర్థం. అలాంటప్పుడు లినక్స్ కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం) వెంటనే ‘రీసెట్’ ప్యాకెట్ పంపి పిలుపును తిప్పికొడుతుంది, కాబట్టే ఈ సందేశం రెప్పపాటులో వస్తుంది. కొన్ని ఫైర్‌వాల్‌లు కూడా ఇలా తిప్పికొట్టేలా అమర్చి ఉండవచ్చు గానీ ఇంటి సర్వర్లలో ఎక్కువసార్లు కారణం మొదటిదే. అప్పుడు కేబుళ్లు పీకి పెట్టడం, రౌటర్ ఆపి వేయడం వృథా శ్రమ. అవతలి ప్రోగ్రామ్ లేచిందా, లేచినా ఏ పోర్టు మీద వింటోంది అన్నవే చూడాలి.

‘టైమ్‌డ్ అవుట్’ ఇందుకు పూర్తిగా భిన్నం. అక్కడ తిరస్కారం కూడా రాలేదు. పంపిన ప్యాకెట్లు దారిలో ఎక్కడో పడిపోయాయి, లేదా జవాబు తిరిగి వచ్చే దారి దొరకలేదు. లినక్స్ సహజ అమరిక ప్రకారం తొలి ప్యాకెట్‌ను మరికొన్నిసార్లు పంపి చూసి, మొత్తం రెండు నిమిషాలకు పైగా గడిచాక గానీ ఆశ వదులుకోదు. అప్లికేషన్లు తమ సొంత గడువు పెట్టుకుని ఇంకా ముందే విరమించుకోవచ్చు. సందేశం రావడానికి ఎంతసేపు పట్టిందన్నది కూడా ఈ విధంగా ఒక ఆధారమే అవుతుంది. వెంటనే వచ్చిందంటే ఎవరో జవాబిచ్చారు, నిదానంగా వచ్చిందంటే ఎవరూ ఇవ్వలేదు. దూరాన ఉన్న కొడుకు ఫోనులో తండ్రిని అడగవలసిన మొదటి ప్రశ్న ‘పేజీ తిరుగుతూ తిరుగుతూ ఆగిందా నాన్నా, నొక్కగానే వచ్చేసిందా?’ అన్నదే. ఆ జవాబుతో వెతకవలసిన చోట్లు సగానికి తగ్గిపోతాయి.

‘కుడ్ నాట్ రిజాల్వ్ హోస్ట్’ అని వస్తే అసలు పిలుపు బయలుదేరనే లేదు. పేరును చిరునామాగా మార్చే దశలోనే పని ఆగిపోయింది. ‘పాస్‌వర్డ్ ఆథెంటికేషన్ ఫెయిల్డ్’ అని వస్తే నెట్‌వర్క్‌కు సంబంధించినంతవరకు అంతా సవ్యంగానే ఉన్నట్టు. డేటాబేస్ దాకా చేరి, దానితో మాటలు మొదలయ్యాకే తగువు వచ్చింది. ఈ చివరి సందేశం వెనుక తరచుగా ఒక అపోహ ఉంటుంది. పోస్ట్‌గ్రెస్ అధికారిక ఇమేజ్‌కు (కంటైనర్‌ను తయారుచేసే మూసకు) కంపోజ్ ఫైలులో (కంటైనర్లన్నిటి అమరికనూ ఒకచోట రాసుకునే ఫైలులో) ఇచ్చే పాస్‌వర్డ్, డేటా ఫోల్డర్ ఖాళీగా ఉండి డేటాబేస్‌ను మొట్టమొదటిసారి సృష్టించేటప్పుడు మాత్రమే అమలవుతుంది. తర్వాత ఆ ఫైలులో పాస్‌వర్డ్ ఎన్నిసార్లు మార్చినా లోపలిది మారదు. మార్చాలంటే డేటాబేస్‌లోకి వెళ్లి అక్కడే మార్చాలి. ఈ సంగతి తెలియక డేటా ఫోల్డర్‌నే తొలగించి ‘సరిచేసుకునే’ వారున్నారు. దానికి మించిన నష్టం లేదు.

మరొక సందేశం దగ్గర కొంచెం ఆగాలి. సర్వర్ మీదే కూర్చుని లోకల్‌హోస్ట్ (యంత్రం తనను తాను పిలుచుకునే పేరు) 8080 పోర్టును పిలిస్తే ‘కనెక్షన్ రీసెట్ బై పీర్’ అని, అదే పోర్టును ఇంట్లోని ల్యాప్‌టాప్ నుంచి పిలిస్తే ‘కనెక్షన్ రిఫ్యూజ్డ్’ అని రావడం చూసి చాలామంది రెండు వేర్వేరు లోపాలు ఉన్నాయనుకుంటారు. లోపం ఒక్కటే. సహజ అమరికలో సర్వర్ లోపలి నుంచి లోకల్‌హోస్ట్‌కు వచ్చే పిలుపును డాకర్ తాలూకు చిన్న ప్రాక్సీ ప్రోగ్రామ్ అందుకుంటుంది. అది ముందుగా పిలుపును స్వీకరించి, తర్వాత కంటైనర్‌ను పిలిచి, అక్కడ ఎవరూ లేకపోవడంతో మధ్యలో తెంచేస్తుంది. బయటి ల్యాప్‌టాప్ నుంచి వచ్చే పిలుపు ఆ ప్రాక్సీతో పని లేకుండా కెర్నెల్ నియమాల ద్వారా సూటిగా కంటైనర్‌కు మళ్లుతుంది, తిరస్కారమూ సూటిగానే వస్తుంది. రెండు సందేశాలూ చెప్పేది కంటైనర్ లోపల ఆ పోర్టు మీద వినేవారు లేరనే.

ఎవరి లోకల్‌హోస్ట్ వారిది

2013లో డాకర్ వెలుగులోకి వచ్చిన నాటి నుంచి కొత్తవారిని అన్నిటికంటే ఎక్కువగా తికమకపెట్టినది 127.0.0.1, అంటే లోకల్‌హోస్ట్, అనే చిరునామా అనడంలో అతిశయోక్తి లేదు. కంటైనర్లన్నీ ఒకే లినక్స్ కెర్నెల్‌ను పంచుకుంటాయి గానీ, ప్రతి కంటైనర్‌కూ సొంత నెట్‌వర్క్ నేమ్‌స్పేస్ ఉంటుంది. అంటే దాని నెట్‌వర్క్ కార్డులు, దారుల పట్టిక, పోర్టులు, లోకల్‌హోస్ట్ అన్నీ దానికే పరిమితం. ఒకే ప్రహరీలో మూడు వాటాలున్న ఇంట్లో ఏ వాటావాళ్లు ‘మా ఇల్లు’ అన్నా తమ వాటానే అన్నట్టు, ఏ కంటైనర్ ‘లోకల్‌హోస్ట్’ అన్నా తననే అంటుంది. ఫొటోల అప్లికేషన్ అమరికలో డేటాబేస్ చిరునామాగా లోకల్‌హోస్ట్ 5432 అని రాస్తే, అది డేటాబేస్‌ను తన లోపలే వెతుక్కుంటుంది. అక్కడ డేటాబేస్ ఉండదు కనుక తిరస్కారం వస్తుంది. డేటాబేస్ పక్క కంటైనర్‌లో చక్కగా నడుస్తూనే ఉంటుంది, దాని పోర్టును బయటకు తెరిచి ఉంటే ల్యాప్‌టాప్ నుంచి పరీక్షించినా పలుకుతుంది. ‘నాకు అందుతున్నది దానికెందుకు అందదు’ అన్న అయోమయం ఇక్కడే పుడుతుంది.

సరైన పద్ధతి డేటాబేస్‌ను దాని సర్వీసు పేరుతో పిలవడం. కంపోజ్ ఫైలులో ఆ సర్వీసుకు ‘డీబీ’ అని పేరు పెడితే అప్లికేషన్ అమరికలో చిరునామా కూడా ‘డీబీ’ అనే ఉండాలి. కంపోజ్ తన సర్వీసులన్నిటికీ ఒక ప్రత్యేక నెట్‌వర్క్ సృష్టిస్తుంది, అందులోని కంటైనర్లకు 127.0.0.11 దగ్గర డాకర్ తాలూకు డీఎన్ఎస్ సర్వర్ పేర్లను చిరునామాలుగా మార్చి ఇస్తుంది. అయితే కంపోజ్ లేకుండా, నెట్‌వర్క్ పేరు చెప్పకుండా విడివిడిగా ‘డాకర్ రన్’తో నడిపిన కంటైనర్లు సహజ బ్రిడ్జ్ నెట్‌వర్క్‌లో చేరతాయి. సాధారణంగా 172.17.0.0 శ్రేణిలో ఉండే ఆ నెట్‌వర్క్‌లో పేర్లతో పిలుచుకునే సౌకర్యం లేదు. ఒక కంటైనర్‌ను కంపోజ్‌తోనూ మరొకదాన్ని విడిగానూ నడిపి, రెండూ ఒకదాన్నొకటి పేరుతో పిలుచుకోవాలని ఆశించడం వల్ల వచ్చే లోపాలు కోకొల్లలు. చిరునామా అంకెలనే నేరుగా రాసుకోవడం దీనికి పరిష్కారం కాదు. కరెంటు పోయి వచ్చాక కంటైనర్లు లేచే వరుస మారితే ఆ అంకెలూ మారిపోవచ్చు.

పోర్టు సంఖ్యల్లోనూ ఇదే జాగ్రత్త కావాలి. 8080:80 అని రాసినప్పుడు ఎడమవైపు సంఖ్య సర్వర్‌ది, కుడివైపు సంఖ్య కంటైనర్‌ది. ఇంట్లోని ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు పిలవవలసింది 8080. అదే నెట్‌వర్క్‌లోని తోటి కంటైనర్ పిలవవలసింది 80. రివర్స్ ప్రాక్సీ అమరికలో సర్వీసు పేరు పక్కన 8080 రాయడం సర్వసాధారణమైన పొరపాటు. పోర్టును బయటకు తెరవడం బయటివారి కోసమే, తోటి కంటైనర్ల మధ్య రాకపోకలకు దానితో నిమిత్తం లేదు. ఆ లెక్కన డేటాబేస్ పోర్టును బయటకు తెరవవలసిన అవసరమే చాలా ఇళ్లలో ఉండదు.

ఇంకొక సందర్భం ఉంది. సర్వీసు పేరు సరైనదే, పోర్టు సంఖ్యా సరైనదే, కంటైనర్ నడుస్తూనే ఉంది, అయినా తిరస్కారమే వస్తుంది. అప్పుడు ఆ ప్రోగ్రామ్ కంటైనర్ లోపల ఏ చిరునామా మీద వింటోందో చూడాలి. అది 127.0.0.1 మీద మాత్రమే వింటుంటే ఆ కంటైనర్ లోపలివారికి తప్ప ఎవరికీ వినిపించదు. 0.0.0.0 మీద, అంటే తనకున్న అన్ని చిరునామాల మీదా వినేలా మార్చాలి. సొంతంగా రాసుకున్న చిన్న పైతాన్, నోడ్ ప్రోగ్రామ్‌లను కంటైనర్‌లో పెట్టినప్పుడు ఇది మరీ తరచుగా ఎదురవుతుంది, ఎందుకంటే అభివృద్ధి దశకు ఉద్దేశించిన సర్వర్లు చాలావరకు భద్రత కోసం లోకల్‌హోస్ట్‌నే ఎంచుకుంటాయి.

కంటైనర్ లోపలి నుంచి సర్వర్ మీద నేరుగా నడిచే ప్రోగ్రామ్‌ను పిలవాలంటే ‘హోస్ట్.డాకర్.ఇంటర్నల్’ అనే పేరు వాడవచ్చని చాలాచోట్ల రాసి ఉంటుంది. విండోస్, మ్యాక్ యంత్రాల మీది డాకర్ డెస్క్‌టాప్‌లో అది వెంటనే పనిచేస్తుంది. లినక్స్ ఇంజిన్ మీద మాత్రం కంపోజ్ ఫైలులోని ‘ఎక్స్‌ట్రా హోస్ట్స్’ కింద ఆ పేరును ‘హోస్ట్-గేట్‌వే’కు ముడిపెడితేనే పనిచేస్తుంది. ఈ వెసులుబాటు డాకర్ 20.10 నుంచి ఉంది.

కరెంటు వచ్చిన తర్వాత

నిన్నటిదాకా నడిచినది ఈ ఉదయం నడవలేదంటే అమరికలోని చిరునామాలను అనుమానించే ముందు లేచిన వరుసను అనుమానించాలి. ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటి ఉంది. కంపోజ్ ఫైలులో ‘డిపెండ్స్ ఆన్’ అని రాసి, డేటాబేస్ తర్వాతే అప్లికేషన్ లేవాలని చెప్పుకుంటాం. ఆ మాట చెల్లుబాటయ్యేది ‘డాకర్ కంపోజ్ అప్’ అని మనం ఆదేశించినప్పుడే. కరెంటు వచ్చి యంత్రం తనంతట తాను లేచినప్పుడు కంపోజ్ రంగంలోనే ఉండదు. డాకర్ డీమన్ (తెర వెనుక ఎప్పుడూ ఉండి కంటైనర్లను నడిపే ప్రోగ్రామ్) లేచి, రీస్టార్ట్ నియమం ఉన్న కంటైనర్లను తన ధోరణిలో లేపుతుంది, ఎవరు ఎవరి మీద ఆధారపడ్డారో పట్టించుకోదు. పైగా మామూలుగా రాసే ‘డిపెండ్స్ ఆన్’ కూడా డేటాబేస్ కంటైనర్ మొదలయ్యేదాకానే ఆగుతుంది గానీ, డేటాబేస్ పలకడానికి సిద్ధమయ్యేదాకా ఆగదు. సిద్ధమయ్యేదాకా ఆగాలంటే డేటాబేస్‌కు హెల్త్‌చెక్ (సిద్ధంగా ఉందో లేదో చూసే పరీక్ష) పెట్టి, ‘సర్వీస్ హెల్దీ’ అన్న షరతు జోడించాలి. పోస్ట్‌గ్రెస్ విషయంలో ‘పీజీ ఈజ్‌రెడీ’ అనే చిన్న ఆదేశం ఈ పనికి సరిపోతుంది.

ఈ తేడా ఎందుకు ముఖ్యమో డేటాబేస్ లాగ్ చూస్తే అర్థమవుతుంది. కరెంటు హఠాత్తుగా పోయిన రాత్రి తర్వాత ‘డాకర్ లాగ్స్’ ఆదేశంతో పోస్ట్‌గ్రెస్ కంటైనర్‌ను చూస్తే, డేటాబేస్ వ్యవస్థ సక్రమంగా మూతపడలేదని, స్వయంచాలక పునరుద్ధరణ జరుగుతోందని ఒక వరుస కనిపిస్తుంది. పోస్ట్‌గ్రెస్ ప్రతి మార్పునూ ముందుగా ఒక చిట్టాలో రాసుకుంటుంది. హఠాత్తుగా ఆగిపోతే, మళ్లీ లేచినప్పుడు ఆ చిట్టాను చదివి, పూర్తికాని పనులను సరిచేసుకుంటుంది. అది ముగిశాకే ‘కనెక్షన్లు స్వీకరించడానికి సిద్ధం’ అన్న భావం గల వరుస పడుతుంది. ఈ రెండు వరుసల పక్కనా ఉండే సమయాలను గమనించాలి. వేగమైన డిస్క్ మీద వాటి మధ్య ఒకటి రెండు సెకన్లే ఉండవచ్చు, మెమరీ కార్డు మీద నడిచే చిన్న బోర్డులో అంతకు ఎన్నో రెట్లు పట్టవచ్చు. ఆ మధ్యకాలంలో పిలిచిన అప్లికేషన్‌కు ‘డేటాబేస్ ఇంకా మొదలవుతోంది’ అన్న జవాబో, అంతకు ముందైతే తిరస్కారమో దక్కుతుంది.

తర్వాతి కథ అప్లికేషన్ స్వభావాన్ని బట్టి ఉంటుంది. కొన్ని ఓపికగా మళ్లీ మళ్లీ పిలుస్తాయి. కొన్ని ఒక్కసారి విఫలమవగానే ఆగిపోతాయి. ఆగిపోయిన కంటైనర్‌ను రీస్టార్ట్ నియమం మళ్లీ లేపుతుంది. తొలి విరామం 100 మిల్లీసెకన్లు, తర్వాత ప్రతిసారీ రెట్టింపవుతూ గరిష్ఠంగా ఒక నిమిషం దాకా పోతుంది. అందువల్ల కరెంటు వచ్చిన వెంటనే కంగారుపడకుండా ఐదు నిమిషాలు ఆగితే తనంతట తానే కుదుటపడే సందర్భాలు ఎక్కువ. అన్నిటికంటే ఇబ్బందికరమైనవి మూడో రకం అప్లికేషన్లు. అవి ఆగిపోవు, మళ్లీ పిలవవు, లోపంతోనే నడుస్తుంటాయి. ‘డాకర్ పీఎస్’ జాబితాలో కంటైనర్ చక్కగా నడుస్తున్నట్టే కనిపిస్తుంది. అలాంటప్పుడు ఆ ఒక్క అప్లికేషన్ కంటైనర్‌ను రీస్టార్ట్ చేస్తే చాలు. డేటాబేస్ జోలికి పోనక్కరలేదు.

జాబితాను ఎప్పుడూ ‘డాకర్ పీఎస్ -ఏ’ అని, ఆగిపోయిన వాటితో సహా చూడాలి. ఆగిన కంటైనర్ పక్కన కుండలీకరణంలో ఒక సంఖ్య ఉంటుంది. 137 ఉంటే ఆ ప్రోగ్రామ్‌ను బలవంతంగా ఆపారని అర్థం, మెమరీ (ర్యామ్) చాలక కెర్నెల్ చంపడం దీనికి సాధారణ కారణం. 1 జీబీ ర్యామ్ ఉన్న బోర్డు మీద ఫొటోల్లో ముఖాలను గుర్తించే అప్లికేషన్‌ను నడిపించబోతే ఇది తప్పదు. 1 అని ఉంటే ప్రోగ్రామ్ తానే ఏదో అభ్యంతరంతో ఆగింది, లాగ్ చివరి పది వరుసల్లో ఆ అభ్యంతరం రాసి ఉంటుంది.

ఆ అభ్యంతరాల్లో ఒకటి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. కంపోజ్ ఫైలులో పోస్ట్‌గ్రెస్ ఇమేజ్‌కు వెర్షన్ రాయకుండా ‘లేటెస్ట్’ అని వదిలేసినవారు, ఎప్పుడో ఒకసారి కొత్త ఇమేజ్‌ను దించుకున్నాక, డేటా ఫైళ్లు ఈ సర్వర్‌కు పొసగవన్న సందేశం చూస్తారు. పోస్ట్‌గ్రెస్ ఒక ప్రధాన వెర్షన్ రాసిన డేటా ఫోల్డర్‌ను తర్వాతి ప్రధాన వెర్షన్ నేరుగా తెరవదు. అప్లికేషన్ వైపు నుంచి చూస్తే ఇదీ ‘కనెక్షన్ రిఫ్యూజ్డ్’గానో, పేరు దొరకలేదన్న సందేశంగానో కనిపిస్తుంది. పాత వెర్షన్ సంఖ్యను తిరిగి రాస్తే డేటాబేస్ మళ్లీ లేస్తుంది. వెర్షన్ మార్చడం తీరిగ్గా, బ్యాకప్ తీసుకుని చేయవలసిన పని, తుఫాను రాత్రి మర్నాడు చేయవలసినది కాదు.

డిస్క్ రాకముందే లేచిన డేటాబేస్

ఇప్పటిదాకా చెప్పిన లోపాలన్నీ చికాకుపెట్టేవే గానీ డేటాకు హాని చేసేవి కావు. ఇప్పుడు చెప్పబోయేది హాని చేయగలదు. యూఎస్‌బీ హార్డ్‌డిస్క్ తిరగడం మొదలై, లినక్స్ దాన్ని గుర్తించి మౌంట్ చేయడానికి, అంటే ఒక ఫోల్డర్‌గా తగిలించుకోవడానికి, కొంత సమయం పడుతుంది. వోల్టేజి తక్కువగా ఉన్నప్పుడు అసలు గుర్తించకపోనూవచ్చు. ఈలోగా డాకర్ లేచి, డేటాబేస్ కంటైనర్‌ను మొదలుపెడుతుంది. కంపోజ్ ఫైలులో డేటా ఫోల్డర్‌ను సంక్షిప్త రూపంలో రాసి ఉంటే, ఆ ఫోల్డర్ కనిపించనప్పుడు డాకర్ ఆగదు, అదే పేరుతో ఖాళీ ఫోల్డర్‌ను సర్వర్ సొంత డిస్క్ మీద సృష్టిస్తుంది. పోస్ట్‌గ్రెస్ ఖాళీ ఫోల్డర్‌ను చూసి ఇది కొత్త సంసారమనుకుని సరికొత్త డేటాబేస్‌ను తయారుచేస్తుంది. ఫొటోల పేజీ తెరుచుకుంటుంది, కానీ అందులో ఒక్క ఫొటో ఉండదు. ‘స్వాగతం, మీ ఖాతాను సృష్టించుకోండి’ అని అడుగుతుంది.

ఆ పేజీ చూసి ఇంట్లోవారు బెంబేలెత్తడం సహజం. అక్కడ కొత్త ఖాతా తెరవకూడదు, ఫొటోలు ఎక్కించకూడదు. పాత డేటా ఎక్కడికీ పోలేదు, మౌంట్ కాని డిస్క్‌లో భద్రంగానే ఉంది. చేయవలసింది కంటైనర్లన్నిటినీ ఆపి, ‘ఎల్ఎస్‌బీఎల్‌కే’ ఆదేశంతో డిస్క్ కనిపిస్తోందో లేదో చూసి, దాన్ని సరైన చోట మౌంట్ చేసి, అప్పుడు కంటైనర్లను లేపడం. డిస్క్ మౌంట్ కాగానే ఆ ఖాళీ ఫోల్డర్ దాని కింద మరుగునపడిపోతుంది. ఇలాంటి సమయంలో ఎవరైనా కొత్తగా ఎక్కించిన ఫొటోలు కూడా ఆ మరుగులోనే ఉండిపోతాయి, తర్వాత వెతికితే కనపడవు, సర్వర్ డిస్క్ మాత్రం ఎందుకు నిండిందో అంతుపట్టదు.

ఇది మళ్లీ జరగకుండా చేసే జాగ్రత్తలు కష్టమైనవి కావు. మౌంట్ పట్టికలో డిస్క్‌ను ‘ఎస్‌డీఏ’, ‘ఎస్‌డీబీ’ వంటి పేర్లతో కాకుండా దాని యూయూఐడీతో (ఆ డిస్క్‌కు మాత్రమే చెందే గుర్తుతో) రాయాలి, ఎందుకంటే రెండు డిస్క్‌లున్నప్పుడు ఆ పేర్లు ఒకసారి ఒకదానికి, మరోసారి మరోదానికి పడవచ్చు. డాకర్ సర్వీసుకు సిస్టమ్‌డీలో (లినక్స్‌లో సర్వీసులను లేపే వ్యవస్థలో) ‘రిక్వైర్స్ మౌంట్స్ ఫర్’ అన్న నియమాన్ని జోడిస్తే ఆ డిస్క్ మౌంట్ అయ్యేదాకా డాకరే లేవదు. కంపోజ్ ఫైలులో ఫోల్డర్‌ను విస్తృత రూపంలో రాసి, హోస్ట్ ఫోల్డర్‌ను సృష్టించవద్దన్న షరతు పెడితే, ఫోల్డర్ లేనప్పుడు కంటైనర్ నిశ్శబ్దంగా ఖాళీ డేటాబేస్‌తో లేవకుండా స్పష్టమైన లోపంతో ఆగిపోతుంది. కనెక్షన్ లోపం రావడమే మేలు అనిపించే సందర్భం ఇదే. ఈ చివరి రెండు పద్ధతుల్లో ఏదో ఒకటైనా లేకుండా బయటి డిస్క్ మీద డేటాబేస్ నడపడం మంచిది కాదు. సర్వర్‌కు, రౌటర్‌కు కలిపి ఒక చిన్న యూపీఎస్ పెట్టుకోగలిగితే ఇంకా మంచిది. ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా, అది మారే క్షణంలో కొన్ని కంప్యూటర్లు ఆగిపోతాయి.

డిస్క్ నిండిపోవడం కూడా కనెక్షన్ లోపంగా కనిపిస్తుంది. చోటు లేనప్పుడు డేటాబేస్ రాయలేక ఆగిపోతుంది, అప్లికేషన్ దాన్ని పిలిచి తిరస్కారం పొందుతుంది. డాకర్ సహజ అమరికలో లాగ్ ఫైళ్లకు పరిమితి ఉండదు, అదే లోపాన్ని వారం రోజులు రాసుకుంటూ పోయిన కంటైనర్ మెమరీ కార్డును నింపేయగలదు. ‘డాకర్ సిస్టమ్ డీఎఫ్’ ఆదేశం ఇమేజ్‌లు, కంటైనర్లు, వాల్యూమ్‌లు (కంటైనర్ల డేటాను దాచే చోట్లు) ఎంతెంత ఆక్రమించాయో చూపుతుంది, లాగ్‌ల పరిమాణం మాత్రం ఫోల్డర్‌లోకి వెళ్లి చూస్తేనే తెలుస్తుంది. శుభ్రపరిచే ‘ప్రూన్’ ఆదేశాన్ని వాల్యూమ్‌లతో సహా నడిపేముందు, ప్రస్తుతం ఏ కంటైనర్‌కూ తగిలించని వాల్యూమ్‌లలో అవసరమైనవి ఉన్నాయేమో చూసుకోవాలి. కంటైనర్‌ను తొలగించి మళ్లీ పెడదామనుకున్నవారు ఆ మధ్యలో ఈ ఆదేశం ఇస్తే డేటాకూ ప్రమాదమే.

డాకరే పలకనప్పుడు

‘డాకర్ డీమన్‌కు కనెక్ట్ కాలేకపోతున్నాం, అది నడుస్తోందా?’ అన్న భావం గల సందేశం వస్తే సమస్య కంటైనర్లది కాదు. ‘సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్ డాకర్’ అని అడిగితే డీమన్ స్థితి తెలుస్తుంది. ఆగిపోయి ఉంటే ‘జర్నల్‌సీటీఎల్’ ఎందుకు ఆగిందో చెబుతుంది. చాలాసార్లు అది అమరిక ఫైలులో తప్పిపోయిన కామా వంటి చిన్న విషయమే. ‘పర్మిషన్ డినైడ్’ అని వస్తే డీమన్ నడుస్తూనే ఉంది, డీమన్‌తో మాట్లాడటానికి వాడే సాకెట్ ఫైలును తాకే హక్కు ఆ వినియోగదారుకు లేదు. ఆ వ్యక్తిని ‘డాకర్’ గ్రూపులో చేర్చి, ఒకసారి లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అవ్వాలి. ఆ గ్రూపులో ఉండటమంటే రూట్ అధికారం (యంత్రం మీద పూర్తి అధికారం) ఉండటంతో సమానమే కనుక ఇంట్లో అందరినీ అందులో చేర్చడం తగదు. సాకెట్ ఫైలును అందరికీ తెరిచేయడం, డీమన్‌ను 2375 పోర్టు మీద రక్షణ లేకుండా నెట్‌వర్క్‌కు వదిలేయడం వంటి సలహాలు ఎక్కడ కనిపించినా పాటించకూడదు.

ఇంటి లోపల, ఇంటి బయట

సర్వర్ మీద పేజీ తెరుచుకుంటుంది, పక్కగదిలోని ఫోనులో తెరుచుకోదు. ఇలాంటప్పుడు ముందుగా సర్వర్ ఐపీ చిరునామా మారిందేమో చూడాలి. రౌటర్, సర్వర్ ఒకేసారి ఆగి లేచినప్పుడు రౌటర్ మరో చిరునామా ఇవ్వవచ్చు. రౌటర్ అమరికలో సర్వర్‌కు శాశ్వత చిరునామా కేటాయిస్తే ఈ బెడద తీరుతుంది. కొత్త కంపోజ్ ప్రాజెక్టు పెట్టినప్పటి నుంచే సమస్య మొదలైతే నెట్‌వర్క్ శ్రేణులు ఢీకొన్నాయేమో చూడాలి. డాకర్ కొత్త నెట్‌వర్క్‌లకు ముందు 172.18 మొదలుకొని 172.31 దాకా ఉన్న శ్రేణులను, అవి చాలకపోతే 192.168 శ్రేణినీ వాడుకుంటుంది. ఇంటి రౌటర్ కూడా సాధారణంగా 192.168 లోనే ఉంటుంది. రెండూ ఒకదానిమీదొకటి పడితే సర్వర్ తన జవాబును ఇంటి ఫోనుకు పంపకుండా కంటైనర్ల వైపు పంపుతుంది, ఫోనులో పేజీ తిరుగుతూనే ఉంటుంది.

ఫైర్‌వాల్ విషయంలో ఒక హెచ్చరిక అవసరం. ఉబుంటులో యూఎఫ్‌డబ్ల్యూ ఫైర్‌వాల్ పెట్టుకుని పోర్టులన్నీ మూసేశామని నిశ్చింతగా ఉన్నవారి డేటాబేస్ కూడా బయటకు కనిపిస్తూ ఉండవచ్చు. డాకర్ తెరిచే పోర్టులకు అది తన నియమాలను నేరుగా కెర్నెల్‌లో రాసుకుంటుంది, ఆ ప్యాకెట్లు యూఎఫ్‌డబ్ల్యూ నియమాల దాకా రాకుండానే మళ్లిపోతాయి. సర్వర్ మీది ప్రోగ్రామ్‌లకు మాత్రమే అందాల్సిన పోర్టును 127.0.0.1:5432:5432 అని ముందు చిరునామాతో సహా రాయడం సులువైన రక్షణ.

ఇక బెంగళూరు నుంచి తెరుచుకోకపోవడం వేరే సంగతి. దాన్ని పరీక్షించేటప్పుడు ఇంటి వైఫైలో ఉండి బయటి చిరునామాను పిలిచి నిర్ణయానికి రాకూడదు. తన బయటి చిరునామాకు లోపలి నుంచే వచ్చిన పిలుపును కొన్ని రౌటర్లు తిప్పి పంపలేవు. ఫోనులో వైఫై ఆపి మొబైల్ డేటా మీద చూడాలి. అప్పటికీ గడువు దాటిపోతుంటే రౌటర్ తెర మీద కనిపించే వ్యాన్ (ఇంటర్నెట్ వైపు) చిరునామాను, బయటి వెబ్‌సైట్లు చూపే చిరునామాను పోల్చాలి. రెండూ వేరై, రౌటర్‌ది 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే, ఆ కనెక్షన్ అనేక ఇళ్లు ఒకే బయటి చిరునామాను పంచుకునే క్యారియర్ గ్రేడ్ నాట్ వెనుక ఉంది. 2012లో ఈ శ్రేణిని ప్రత్యేకించి ఇందుకోసమే కేటాయించారు. అక్కడ రౌటర్‌లో ఎన్ని పోర్టులు ఫార్వర్డ్ చేసినా పిలుపు ఆ రౌటర్ దాకా రానే రాదు, కంటైనర్లలో వెతకడం వల్ల ఉపయోగం లేదు. ఇంటర్నెట్ ఇచ్చేవారిని విడి చిరునామా అడగడం ఒక మార్గం, ఐపీవీ6 (కొత్త తరం చిరునామా పద్ధతి) ఉంటే దాన్ని వాడుకోవడం మరొకటి. రెండూ కుదరనిచోట ఇంటి సర్వరే బయటకు పిలుపు పంపి దారి తెరిచి ఉంచే టెయిల్‌స్కేల్ వంటి వీపీఎన్ సరిపోతుంది. అప్పుడు ఏ పోర్టునూ ఇంటర్నెట్‌కు తెరవనక్కరలేదు, కుటుంబంలోని ఫోన్లు మాత్రమే ఆ నెట్‌వర్క్‌లో చేరి ఫొటోల పేజీని తెరుస్తాయి.